మీత్ కౌంటీలో బొడ్రాయి

ఐర్లండ్ చూడ్డానికి వచ్చేవాళ్ళెవరూ రాత్‌కార్న్ అనే ఊరికి వెళ్ళరు. వాళ్ళు చూడాలనుకునే సముద్రపు కొండచరియలూ, సరస్సులూ పడమటి తీరాన ఉన్నాయి. మామూలు రోజులైతే నేనూ వెళ్ళేదాన్ని కాదు. కారెక్కితే చివర్లో సముద్రం కనిపించి తీరాలి నాకు, లేకపోతే పెట్రోలు దండగ అనిపిస్తుంది. కానీ అది కరోనా మొదటి వేసవి. ఇంటి నుంచి ముందు రెండు కిలోమీటర్లన్నారు, తర్వాత ఐదన్నారు, జూన్‌లో పోనీలే పాపం అని మీ కౌంటీ లోపల ఎక్కడికైనా తిరగండన్నారు. మేముండే క్లోనీ మీత్ కౌంటీకి తూర్పు కొస. ఇటు నాలుగడుగులు వేస్తే డబ్లిన్, అంటే వేరే కౌంటీ. మీత్‌కి ఉన్న చారెడు సముద్రాన్ని మొదటి వారమే చూసేశాం. ఇక మిగిలింది ఆవులు.

ఆ ఆవుల మధ్యే రెండు రోజులు వరసగా ఒకే ఊరికి వెళ్ళొచ్చాం. ఇక్కడ పదేళ్ళుగా ఉంటూ నేను చేసిన ప్రయాణాల్లో, ఎవరైనా అడిగితే ముందు చెప్పాలనిపించేది ఇదే.

క్లోనీ: అన్నం దగ్గర

మా అత్తమ్మ పేరు బాలమ్మ. కొల్లాపూర్ వైపు మనిషి. జనవరిలో మా దగ్గరికి వచ్చింది, మార్చి నెలాఖరున వెళ్ళిపోవాలి. సూట్‌కేసు సర్దుకుంది, విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్ అంతా పిల్లతో ఆడుకుంటూ బాగానే ఉంది. మే ఎండలు మొదలయ్యాయని ఫోన్లో విన్నప్పటి నుంచీ అన్నంలో చేయి ఆడిస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది.

కృష్ణ ఒడ్డునున్న ఆమె ఊరు నలభై ఏళ్ళ కిందట శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో మునిగిపోయింది. ఊరందర్నీ గుట్ట మీద కాలనీకి తరలించారు. ఏటా ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే పాత ఊరి గోడలూ, బడి అరుగూ, బావీ బయటపడతాయి. అప్పుడు జనం వెళ్ళి చూసుకుని వస్తారు. అత్తమ్మ ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఒక్కతే పోతుంది, ఎవర్నీ వెంట రానివ్వదు.

"ఆడ బురద తప్ప ఏమున్నదమ్మా? వచ్చే ఏడు పోదువు తియ్యి" అంటాడు మా ఆయన రవి. పాత ఊరి మీద బెంగ అనుకుంటాడు. నాకు తెలుసు, బెంగ ఊరి మీద కాదు.

మా మీను పుట్టినప్పుడు, నాకు వేణ్ణీళ్ళు పోస్తూ అత్తమ్మ చెప్పింది. రవి కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, బారసాల కాకుండానే పోయింది. పేరు కూడా పెట్టలేదు. పొలం గట్టున పాతిపెట్టారు. పురిట్లో పోయిన పిల్ల మాట ఎత్తితే తర్వాతి పిల్లలకు మంచిది కాదని పెద్దవాళ్ళు నోరు కట్టేశారు. ఊరు ఖాళీ చేసిన రోజు ఆమె తన ఇసుర్రాయి, అంటే తిరగలి, కింది రాయిని ఆ చోట పెట్టి వచ్చింది. బరువని వదిలేసిందనుకున్నారందరూ. ఏటా వెళ్ళి, ఆ రాయి మీది ఒండ్రు చేత్తో తీసి, ఇన్ని పాలు పోసి, కాసేపు కూర్చుని వస్తుంది. ఆ చోటు ఇప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది.

వానలు ముదిరి వరద వచ్చిందంటే ఆ రాయి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. అత్తమ్మ క్యాలెండర్ చూసేది, నన్ను చూసేది, అన్నం వదిలేసేది. నాకు ప్రాణం చివుక్కుమనేది. రవికి చెప్పలేను, ఆమెను ఓదార్చలేను. ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని.

మా పక్కింటావిడ ఐరిష్. కంచె మీదుగా మాట్లాడుతూ అత్తమ్మ ఊరి సంగతి విని, "మన కౌంటీలోనే అలాంటి కాలనీ ఒకటుంది" అంది. పడమటి తీరాన రాళ్ళ నేలలో పంట పండక ఆకలితో ఉన్న కుటుంబాలను ఎనభై ఏళ్ళకు పూర్వమే ప్రభుత్వం ఇక్కడికి తరలించి ఇల్లూ, కొంత భూమీ ఇచ్చిందట. వాళ్ళ పిల్లలూ మనవలూ ఇప్పటికీ ఐరిష్ భాషే మాట్లాడతారట. ఇంట్లోకి వచ్చి ఈ మాట చెప్తే అత్తమ్మ చాలా రోజుల తర్వాత తల పైకెత్తింది.

"మనలెక్క ముంపోళ్ళా?"

"నీళ్ళు కాదు అత్తమ్మా, ఆకలి."

"ఏదైతేంది బిడ్డా. లేపిన్రు గద."

అంతే. మర్నాడు శనివారం బయల్దేరాం.

ట్రిమ్: తాళం వేసిన కోట

పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, నీళ్ళ సీసాలు. మేం నలుగురం, సామాను నలభై మందికి. దార్లో ట్రిమ్ అనే ఊళ్ళో పెద్ద పాత కోట ఉంది, నది ఒడ్డున. గేటుకి తాళం. బయట నుంచి చూస్తూ నిలబడ్డాం. మీను "ఇట్స్ గ్రాండ్ నానమ్మా, వీ కెన్ సీ ద హోల్ థింగ్" అని ఓదార్చింది. ఆరేళ్ళ దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం మీత్ యాసలో ఇస్తుంది. నానమ్మకు ఆ జవాబు అర్థం కాదు, అయినా ఇద్దరికీ గంటలు గంటలు కబుర్లు నడుస్తాయి.

చిప్స్ అమ్మే బండి ఒకటి తెరిచి ఉంది. కాగితం పొట్లం నాలుగు యూరోలు. అత్తమ్మ మనసులోనే రూపాయల్లోకి మార్చి, "ఆలుగడ్డ ముక్కలకు మూడు నూర్ల మీదనా" అని పొట్లం వెనక్కి ఇచ్చేయబోయింది. వెనిగర్ చల్లేసరికి మరీ మండిపడింది. పాడైపోయిన వాసన వస్తోందని ఆమె ఫిర్యాదు. చివరికి ఆవకాయ నూనెలో అద్దుకుని తినేసింది. నేనూ అలాగే తిన్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదో తెలియదు.

ఊళ్ళో మరుగుదొడ్లన్నీ మూసేశారు. ఏం చేయాలో తోచక నేను తల పట్టుకుంటే, "గంత పెద్ద చెట్లు పెంచిందే అందుకు గద" అని అత్తమ్మ నిమ్మళంగా పొదల వైపు నడిచింది. నేను కాపలా. పదేళ్ళుగా ఆఫీసులో సంపాదించుకున్న మర్యాదంతా ఆ పొద దగ్గర నిలబడ్డప్పుడు పోయింది.

ట్రిమ్ దాటాక దారి సన్నబడింది. ఒక ట్రాక్టర్ వెనక చాలాసేపు పాకుతూ వెళ్ళాం. ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు పైకెత్తుతాడు. ఇక్కడి పల్లెల్లో అదే నమస్కారం. "నీకు గింతమంది ఎరుకనా రవీ" అని అత్తమ్మ కొడుకును చూసి మురిసింది. ఎవరూ తెలియదని రవి చెప్పలేదు.

రాత్‌కార్న్: ఊరి నడుమ రాయి

బోర్డుల మీద ఇంగ్లీషు మాయమైతే ఊరొచ్చినట్టు. ఊరంటే పొలాల మధ్య విడివిడిగా ఇళ్ళు, ఒక బడి, ఒక క్లబ్బు, రోడ్డు పక్కన పచ్చిక. నేను ఫోన్ తీసి చరిత్ర చదవబోతుంటే అత్తమ్మ అద్దంలోంచి చూస్తూ అంది: "కాలనీయే బిడ్డా ఇది. పాత ఇండ్లన్నీ ఒక్క తీరుగ లేవా? సర్కారు కట్టిస్తె గట్లనే ఉంటయ్."

నిజమే, కొత్త గదులు తగిలించుకున్నా, రంగులు మార్చుకున్నా, పాత ఇళ్ళన్నిటికీ ఒకే ముఖం.

పచ్చిక మీద, పశ్చిమం నుంచి వచ్చిన కుటుంబాల గుర్తుగా నిలబెట్టిన రాయి ఉంది. మీనుకి జ్యూస్ కావాలంటే డిక్కీ తెరిచాను. రవి ఫోన్లో మ్యాప్ చూసుకుంటున్నాడు. మహా అయితే ఒక స్ట్రా వెతికినంతసేపు. తిరిగి చూస్తే అత్తమ్మ తాగే నీళ్ళ సీసాతో ఆ రాయిని కడిగి, కొంగున కట్టుకున్న పసుపు నిండుగా పూసి, కుంకుమ బొట్లు పెడుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అత్తమ్మా, ఏం చేస్తున్నారు?"

"బొడ్రాయి బిడ్డా. ఎంత మంచోళ్ళు జూడు. అంత దూరం నుంచి వచ్చినా ముందుగాల బొడ్రాయి నిలబెట్టుకున్నరు."

తెలంగాణ పల్లెల్లో ఊరు కట్టేటప్పుడు నడిమధ్యలో పాతే రాయి బొడ్రాయి. ఊరికి బొడ్డన్నమాట. మా గుంటూరు వైపూ ఉంది గానీ అంత పట్టింపు నేను చూడలేదు. అత్తమ్మ వాళ్ళ కాలనీలో నడిమధ్య ఎక్కడన్న దాని మీద రెండు వాడలకు తగాదా వచ్చి, ఏళ్ళ తరబడి బొడ్రాయి పాతుకోలేదు. అందుకే ఆ ఊరు అచ్చిరాలేదని ఆమె నమ్మకం. ఇక్కడ ఊరి నడుమ రాయి కనిపించేసరికి ఆమెకు వేరే ఆలోచనే రాలేదు.

నేను తడి టిష్యూలు పట్టుకుని పరుగెత్తాను. తుడిచేకొద్దీ పసుపు ఇంకా పాకింది. ఎవరైనా చూసి గార్డ్స్‌కి, అంటే ఇక్కడి పోలీసులకు, ఫోన్ చేస్తే ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూ ఉండగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. చేతికర్రతో ఒక ముసలావిడ, వెనకే కుక్క. గోడ దాకా వచ్చి ఆగింది. నేను మాస్కు సరిచేసుకుని క్షమాపణలు మొదలుపెట్టాను.

ఆమె అంతా విని, రాయి వంక చూసి, "ఉండనీ" అంది. "ఈ ఊళ్ళో వాన ఏ పనీ మధ్యలో వదలదు. అదే కడుగుతుంది."

తర్వాత అత్తమ్మను చూపించి, ఆమె పూసిన ఆ పసుపుకు అర్థమేమిటని అడిగింది. చెప్పాను. లేపేసిన ఊరు, కాలనీ, నడుమ రాయి, అన్నీ. ఆమె మొహం మెత్తబడింది. తన పేరు నోరా అంది.

గోడకు అటూ ఇటూ

నోరాకి ఎనభై దాటాయి. చంటిపిల్లగా తల్లి ఒళ్ళో కూర్చుని వచ్చిందట ఇక్కడికి. రెండు నెలలుగా గడప దాటలేదట, మనిషి ముఖం చూసి మాట్లాడ్డమే అపురూపంగా ఉందంది. లోపలికెళ్ళి ఎండుద్రాక్ష వేసిన సోడా బ్రెడ్డు, వెన్న, టీ తెచ్చి గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది. మేం ముందుకెళ్ళి తీసుకున్నాం. మేం పులిహోర డబ్బా పెట్టి వెనక్కి జరిగాం. ఆమె వచ్చి తీసుకుంది. మా అమ్మమ్మ మడి కట్టుకున్న రోజుల్లో కూడా ఇంత దూరం పాటించలేదు.

పులిహోర ఆమెకు కారమైంది. కళ్ళు తుడుచుకుంటూనే మొత్తం తింది.

వచ్చిన కొత్తలో చుట్టుపక్కల వాళ్ళు తమను వెలేసినట్టు చూశారనీ, మంచి భూమి వీళ్ళకిచ్చారని కడుపుమంట అనీ చెప్పింది. అత్తమ్మ "మమ్మల్ని బాయి కాడికి రానియ్యలే" అంది. నేను తర్జుమా చేస్తూనే ఉన్నాను, అయినా వాళ్ళిద్దరికీ నా అవసరం సగమే ఉన్నట్టనిపించింది. రవి మీనుని పట్టుకుని నా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు.

"మీ అమ్మ ఎన్నడన్న పాత ఊరికి పోయిందా?" అత్తమ్మ అడిగింది.

నోరా కుక్కకు ఐరిష్‌లో ఏదో చెప్పి కూర్చోబెట్టింది. తర్వాత చెప్పింది. తనకు ముందు తల్లికి ఒక మగపిల్లాడు పుట్టి, జ్ఞానస్నానం కాకుండానే పోయాడట. అలాంటి పసివాళ్ళకు ఆ రోజుల్లో చర్చి మట్టిలో చోటు లేదు. సముద్రం పక్కన వేరే జాగా ఉండేది. తండ్రి పాతిపెట్టి, మీద ఒక తెల్లరాయి పెట్టాడు. తల్లి మాత్రం ఈ ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. చనిపోయే ముందు మాత్రం, తెల్లరాయి, తెల్లరాయి అని పలవరించింది.

"నేను వెళ్ళాను" అంది నోరా. "చాలాసార్లు వెళ్ళాను. అక్కడ ప్రతి పసివాడి మీదా తెల్లరాయే. మా వాడు ఎవరో తెలియదు. అన్నిటి దగ్గరా కాస్త కాస్త ఆగి వస్తాను."

తర్జుమా కోసం అత్తమ్మ నా వైపు చూస్తోంది. పక్కన రవి ఉన్నాడు. మాట మార్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ ముసలావిడ నిజం చెప్పింది, నేను అబద్ధం ఎలా కలపను? ఉన్నదున్నట్టు చెప్పాను.

అత్తమ్మ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. "ఒక్కరికన్న సూపెట్టలేదా ఆ తల్లి?"

"లేదట."

"ఎంత పని జేసె" అంది, ఎవర్నీ చూడకుండా.

తిరుగుదారిలో

మీను వెనక సీట్లో నానమ్మ ఒళ్ళో నిద్రపోయింది. ఊరు దాటిన కాసేపటికి అత్తమ్మ, "రవీ, బండి జర పక్కకు వెట్టు" అంది. కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని రవి ఒక పొలం గేటు ముందు ఆపాడు.

"నీకు ముందు ఒక పిల్ల పుట్టింది బిడ్డా."

తర్వాత అంతా చెప్పింది. ఏడవలేదు, ఆగలేదు. పొలం గట్టు, ఇసుర్రాయి, ఏటా పాలు. నేను కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ కూర్చున్నాను. రవి చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. "ఎవరికెరుక?" అని అడిగాడు. ఆమె నా భుజం మీద చేయి వేసింది. రవి నా వంక చూశాడు. నిష్ఠూరమో, మరేమిటో, ఇప్పటికీ నేను అడగలేదు.

ఇంటికొచ్చి అన్నాలయ్యాక రవి గిన్నెలన్నీ తనే తోమి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "రేపు శీనుగాన్ని పంపుదామమ్మా. వీడియోలో నువ్వు తొవ్వ చెప్పు, వాడు నడుస్తడు." శీను ఆమె మరిది కొడుకు, ఆ కాలనీలోనే ఉంటాడు.

అత్తమ్మ సరేనంది. ఒక్క షరతు పెట్టింది. ఫోన్ చేసేటప్పుడు నోరా కూడా ఉండాలి. ఎందుకని అడిగితే, "ఆమె గూడ జూడనియ్యి" అంది.

రెండో రోజు

తెల్లారేసరికి ఇల్లంతా బెల్లం వాసన. అత్తమ్మ బచ్చాలు చేసింది, మా వైపు బొబ్బట్లంటాం. నెయ్యి అంతా అయిపోయింది. నేను ఏమీ అనలేదు, నా ఎరుకలో అదే మొదటిసారి.

మళ్ళీ అదే దారి, అవే వేళ్ళు స్టీరింగుల మీద. పసుపు ఇంకా చెక్కుచెదరలేదు, ఆ రాత్రి చినుకు పడలేదు. పైగా ఎవరో రాయి ముందు జామ్ సీసాలో పొలాల పూలు పెట్టి వెళ్ళారు. ఆదివారం కదా, నోరా తల దువ్వుకుని మంచి ఉన్ని కార్డిగన్ వేసుకుని గోడ దగ్గర కుర్చీ వేసుకుని ఉంది. విషయం చెప్పాను. ఆమె కుర్చీ గోడకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఫోన్ని రవి గోడ మీద, ఇద్దరికీ కనిపించేలా, బచ్చాల డబ్బాకి ఆనించి నిలబెట్టాడు.

ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ పొద్దు వాలుతోంది. తెరలో ముందు శీను చెవి కనిపించింది, తర్వాత ఆకాశం, తర్వాత పగుళ్ళు తేలిన నల్లటి ఒండ్రు. దూరంగా నీళ్ళ గీత. ఈ ఏడు అప్పుడే ముందుకొస్తోందన్నాడు.

"బడి అరుగు కాడ నిలబడ్డ పెద్దమ్మా."

"బాయి దిక్కు మొహం వెట్టు. బాయి దాటినంక గట్టు అట్లనే పోతది, అంటే గట్టు లేదిప్పుడు, ఎత్తుంటది జర. ఆ, గదే. మెల్లగ నడువు. ఎడమకు. ఇంక ఎడమకు. వేప మొద్దు ఆనవడ్తుందా?"

"మొద్దు లేదు పెద్దమ్మా."

"ఉంటది. ఒండ్రు కప్పిందేమో, కాలుతోని జూడు."

కాలుతో వెతికాడు. తెర ఆగిపోయింది, మళ్ళీ కదిలింది. రవి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నోరా చేతులు ఒళ్ళో బిగించుకుంది. సిగ్నల్ ఎక్కడ పోతుందోనని నేను కనపడ్డ దేవుళ్ళందరికీ మొక్కాను. మొద్దు దొరికింది.

"ఆ మొద్దుకు ఎండ పడే దిక్కు. కూసొని చేతులతోని తియ్యి. పార వెట్టకు."

ఫోన్ నేల మీద పెట్టి రెండు చేతులతో మట్టి తీయసాగాడు. చాలాసేపు మాకు ఆకాశమే కనిపించింది, వాడి ఆయాసం వినిపించింది. తర్వాత ఫోన్ వంగింది. గుండ్రటి రాయి, నడుమ చిల్లు.

"ఇసుర్రాయి పెద్దమ్మా. కింది రాయే ఉంది, పైది లేదు."

"పైది నా తాన ఉన్నది తియ్యి" అంది అత్తమ్మ.

అదేనా అని నోరా నన్ను కళ్ళతో అడిగింది. అవునన్నాను. ఆమె శిలువ గుర్తు వేసుకుని, మాస్కు పైదాకా వచ్చిన కన్నీళ్ళు తుడుచుకోకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. తనకు దొరకనిది మరొకరికి దొరికిందని ఏడ్చే మనిషిని నేను అప్పుడే చూశాను. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

శీను పాలు పోశాడు. ఇంకేం చేయాలని అడిగాడు.

"ఏం లేదు బిడ్డా. జర సేపు ఆడ కూసో. నేను గట్లనే కూసుంట."

వాడు కూర్చున్నాడు. అక్కడి గాలి ఫోన్లోంచి, ఇక్కడి గాలి చెట్లలోంచి వినిపిస్తోంది. మీను మాత్రం ఎందుకందరూ ఏడుస్తున్నారని నా చెయ్యి లాగుతోంది.

అప్పుడు రవి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, "శీనూ, ఫోను రాయి కాడ పెట్టురా" అన్నాడు. తెర నిండా రాయే. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషి, ఇంతవరకూ ఎవర్నీ పిలవని పిలుపు.

"అక్కా" అన్నాడు. "నేను."

తల్లి వంక చూశాడు.

"అమ్మ ఈ ఏడు రాలేకపోయింది, బాగనే ఉన్నదని చెప్పు" అంది అత్తమ్మ.

చెప్పాడు.